పేగులకీ లివర్ జబ్బుకీ సంబంధం ఏమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

లివర్ జబ్బు అని తెలిశాక అందరి దృష్టీ స్కాన్ రిపోర్టు మీదా, రక్తపరీక్షలో తేడాగా వచ్చిన అంకెల మీదా ఉంటుంది. "మోషన్ రోజుకి ఎన్నిసార్లు అవుతోంది?" అని డాక్టర్ అడిగితే చాలామంది ఆశ్చర్యపోతారు, కొందరు సిగ్గుపడతారు. సిరోసిస్, అంటే లివర్ అంతా మచ్చలు పడి గట్టిపడే జబ్బు, ఉన్న మనిషి విషయంలో అది చాలా ముఖ్యమైన ప్రశ్న. ఎందుకు ముఖ్యమో రోగులకీ, ముఖ్యంగా వాళ్ళని ఇంట్లో చూసుకునేవాళ్ళకీ తెలియాలి. ఇంకోపక్క, పేగుల పేరు చెప్పి లివర్‌కి పొడులూ క్యాప్సూల్సూ అమ్మేవాళ్ళు ఎక్కువయ్యారు. అందులో ఎంత నిజముందో కూడా తెలియాలి. ఇక్కడున్నది అవగాహన కోసమే. మందుల మార్పులు మాత్రం మీ డాక్టర్‌ని అడక్కుండా చేయొద్దు.

పేగులకీ లివర్‌కీ అసలు లింకు ఎక్కడుంది?

రక్తంలో ఉంది. లివర్‌కి చేరే రక్తంలో నాలుగింట మూడొంతుల దాకా పోర్టల్ సిర అనే పెద్ద రక్తనాళం ద్వారా వస్తుంది. అది పేగులు, కడుపు, ప్లీహం, క్లోమం చుట్టి వచ్చిన రక్తం. మిగతా వంతు మాత్రమే ధమని ద్వారా వస్తుంది. అంటే తిన్న తిండి, మింగిన మాత్ర, తాగిన మద్యం, పేగుల్లో బ్యాక్టీరియా తయారుచేసిన పదార్థాలు, ఇవన్నీ ఒంట్లో మిగతా భాగాలకి చేరకముందే లివర్‌ని దాటాలి.

లివర్ నుంచి పేగులకీ ఒక దారి ఉంది, అది పైత్యరసం. లివర్ కొలెస్ట్రాల్ నుంచి పైత్య ఆమ్లాలు తయారుచేసి పేగుల్లోకి పంపుతుంది. కొవ్వు అరిగించే పని అయిపోయాక వాటిలో దాదాపు 95 శాతం చిన్నపేగు చివరి భాగంలో మళ్ళీ రక్తంలోకి చేరి లివర్‌కి తిరిగొస్తాయి. మిగిలిన కొంచెం పెద్దపేగులోకి వెళ్తే అక్కడి బ్యాక్టీరియా వాటి రూపం మారుస్తుంది. పైత్య ఆమ్లాలు ఏ బ్యాక్టీరియా పెరగాలో, ఏది తగ్గాలో కూడా కొంతవరకు నిర్ణయిస్తాయి. అందుకే లివర్ దెబ్బతింటే పేగుల్లో సూక్ష్మజీవులు మారతాయి. పేగులు పాడైతే ఆ దెబ్బ లివర్‌కి తగులుతుంది.

ఇది ఈమధ్య కనిపెట్టిన సంగతా?

కాదు. 1877లో నికొలాయ్ ఎక్ అనే రష్యన్ సర్జన్ కుక్కల్లో పోర్టల్ సిరని లివర్‌కి వెళ్ళనీయకుండా నేరుగా గుండెకి పోయే పెద్ద సిరకి కలిపాడు. 1893లో రష్యన్ శాస్త్రవేత్త పావ్‌లోవ్ బృందం అదే ఆపరేషన్ చేసిన కుక్కలకి మాంసం పెట్టి గమనించింది. అవి చిరాకుగా ప్రవర్తించేవి, తూలిపోయేవి, చివరికి కోమాలోకి వెళ్ళేవి. పేగుల నుంచి వచ్చే రక్తం లివర్‌లో శుభ్రపడకపోతే మెదడు దెబ్బతింటుందని అలా తెలిసింది. సిరోసిస్ రోగుల్లో ఈరోజు మనం చూసే మగతకి మూలం కూడా ఇదే.

మనుషుల్లో ఇంకో గట్టి ఆధారం 1960, 70 దశకాల్లో దొరికింది. బరువు తగ్గించడానికి చిన్నపేగులో పెద్ద భాగాన్ని పక్కకి తప్పించే ఆపరేషన్లు అప్పట్లో చేసేవారు. తిండి వెళ్ళని ఆ పేగు ముక్కలో బ్యాక్టీరియా విపరీతంగా పెరిగి, కొందరికి లివర్ ఫెయిలైంది. మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఇస్తే లివర్‌లో కొవ్వు చేరడం తగ్గింది. బ్యాక్టీరియాని తగ్గిస్తే లివర్ కుదుటపడింది అంటే, జబ్బులో బ్యాక్టీరియా పాత్ర ఉన్నట్టే కదా. ఆ ఆపరేషన్‌ని తర్వాత మానేశారు. ఇప్పుడు చేసే బరువు తగ్గించే ఆపరేషన్లు వేరు.

'లీకీ గట్' అంటారు, అది నిజమేనా?

సగం నిజం. పేగు లోపలి పొర ఒకే ఒక్క కణం మందం ఉంటుంది. గోడలో ఇటుకల మధ్య సిమెంటులాగా కణాల మధ్య గట్టి అతుకులు ఉంటాయి. పైన జిగురు పొర ఉంటుంది. మద్యం, అదేపనిగా తీసుకునే చక్కెర పానీయాలు, పేగుల్లో వాపు వంటివి ఈ అతుకుల్ని వదులు చేస్తాయి. అప్పుడు బ్యాక్టీరియా గోడల ముక్కలు, ఎండోటాక్సిన్ అంటారు వాటిని, పోర్టల్ రక్తంలోకి జారుకుంటాయి. లివర్‌లో ఉండే కుప్ఫర్ కణాలు వాటిని పట్టి మింగేస్తాయి. కొద్దికొద్దిగా వస్తే ఇబ్బంది లేదు. ఏళ్ళ తరబడి ఎక్కువగా వస్తుంటే ఆ కణాలు వాపుని పెంచే రసాయనాలు విడుదల చేస్తూనే ఉంటాయి. దాంతో లివర్‌లోని మరో రకం కణాలు మచ్చ కణజాలాన్ని పేర్చడం మొదలుపెడతాయి. అదే ఫైబ్రోసిస్. ముదిరితే సిరోసిస్.

కాబట్టి పేగు గోడ వదులవడం నిజమే, సిరోసిస్ రోగుల్లో అది స్పష్టంగా కనబడుతుంది కూడా. నిజం కానిది ఏమిటంటే, నీరసానికీ జుట్టు రాలడానికీ తలనొప్పికీ అన్నిటికీ 'లీకీ గట్' అని పేరు పెట్టి మందు అమ్మడం. అలాంటి జబ్బుగా దాన్ని నిర్ధారించే నమ్మకమైన పరీక్ష లేదు. మూసేస్తామని అమ్మే పొడులకి ఆధారమూ లేదు.

నాకు ఫ్యాటీ లివర్ ఉంది. దానికి పేగులే కారణమా?

పేగులే అని చెప్పలేం. ఎక్కువ బరువు, నడుము చుట్టూ కొవ్వు, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం, షుగర్, వంశంలో వచ్చే జీన్లు, ఇవి ప్రధాన కారణాలు. ప్రపంచంలో ప్రతి పదిమంది పెద్దల్లో సుమారు ముగ్గురికి ఈ జబ్బు ఉంటుందని అంచనా. 2023లో దీని వైద్యనామాన్ని కూడా మార్చారు, మెటబాలిజంతో దీనికున్న సంబంధం పేరులోనే తెలిసేలా.

పేగులు ఈ మంటకి ఆజ్యం పోస్తాయి. పీచు తక్కువ, కొవ్వూ చక్కెరా ఎక్కువ ఉన్న తిండితో పేగుల్లో బ్యాక్టీరియా రకాలు తగ్గిపోతాయి. పీచుని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేసేవి ముందు తగ్గుతాయి. పెద్దపేగు కణాలకి ముఖ్యమైన ఇంధనం ఆ బ్యూటిరేటే. అది తగ్గితే పేగు గోడ బలహీనపడి, ఇందాక చెప్పుకున్న వరస మొదలవుతుంది.

వైద్యం విషయంలో మాత్రం అయోమయం అక్కర్లేదు. బరువులో 5 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా తగ్గుతుంది, 10 శాతం దాటితే చాలామందిలో మచ్చలు సైతం వెనక్కి వెళ్తాయి. 80 కిలోల మనిషికి 8 కిలోలన్నమాట. మంచి బ్యాక్టీరియా ఉన్న ఏ ప్రోబయోటిక్ క్యాప్సూలూ ఇంతటి ఫలితం చూపించలేదు. స్కాన్‌లో ఫ్యాటీ లివర్ అని వస్తే గ్రేడ్ గురించి బెంగపడేకంటే మచ్చలు ఉన్నాయా లేదా అని అడగండి. వయసు, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే లివర్ ఎంజైములు, ప్లేట్‌లెట్ల అంకెలతో లెక్కగట్టే ఫిబ్-4 స్కోరు, అవసరమైతే లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్, ఆ సంగతి చెబుతాయి.

మద్యం ముట్టనివాళ్ళ పేగుల్లో కూడా ఆల్కహాల్ తయారవుతుందా?

కొద్దిగా అందరిలోనూ తయారవుతుంది, లివర్ దాన్ని వెంటనే విరిచేస్తుంది. కొందరిలో ఎక్కువగా తయారవుతుంది. 2019లో చైనా పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనం ఇలాంటి రోగితోనే మొదలైంది. ఆయనకి తీవ్రమైన ఫ్యాటీ లివర్ ఉంది. పిండిపదార్థాలు ఎక్కువగా తింటే చాలు, తాగకుండానే రక్తంలో ఆల్కహాల్ పెరిగిపోయేది. వెతికితే పేగుల్లో క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియాలో ఆల్కహాల్ బాగా తయారుచేసే రకాలు దొరికాయి. వాటిని ఎలుకలకి ఎక్కిస్తే వాటికీ ఫ్యాటీ లివర్ వచ్చింది. అంతమాత్రాన ప్రతి ఫ్యాటీ లివర్‌కీ ఇదే కారణం అనుకోకూడదు. కానీ "తాగుతున్నావేమో, నిజం చెప్పు" అని రోగిని ఇంట్లో నిలదీసే ముందు ఇలాంటి సందర్భాలూ ఉంటాయని గుర్తుంచుకుంటే మంచిది.

మద్యం లివర్‌ని పాడుచేస్తుందని తెలుసు. పేగుల్ని కూడా పాడుచేస్తుందా?

చేస్తుంది. పేగు అతుకుల్ని వదులు చేస్తుంది, బ్యాక్టీరియా పొందికని మారుస్తుంది, తర్వాత లివర్‌ని నేరుగా దెబ్బతీస్తుంది. తాగే అలవాటు ఉన్నవాళ్ళందరికీ ఒకేలా లివర్ పాడవకపోవడానికి ఉన్న కారణాల్లో పేగుల తేడా ఒకటి కావచ్చు. 2019లోనే వచ్చిన మరో పరిశోధనలో, ఎంటెరోకాకస్ ఫీకాలిస్ అనే బ్యాక్టీరియా విడుదల చేసే ఒక విషపదార్థం ఉన్న ఆల్కహాలిక్ హెపటైటిస్ (మద్యం వల్ల లివర్‌కి వచ్చే వాపు) రోగుల్లో మరణాలు చాలా ఎక్కువగా కనబడ్డాయి. ఆ బ్యాక్టీరియాని చంపే వైరస్‌లని ఎలుకలకి ఇస్తే లివర్ దెబ్బ తగ్గింది. మనుషులకి మందుగా రావడానికి ఇంకా దూరముంది. ఇప్పటికైతే మద్యం పూర్తిగా మానేయడాన్ని మించిన మందు లేదు. మానేశాక పేగు గోడ కొన్ని వారాల్లోనే కోలుకోవడం మొదలుపెడుతుంది.

సిరోసిస్ ఉన్న మా నాన్నగారు మధ్యమధ్యలో అయోమయంగా మాట్లాడతారు. అది వయసు వల్లేనా?

వయసు మీదకి తోసేయకండి. ముందు అనుమానించాల్సింది హెపాటిక్ ఎన్‌సెఫలోపతీ, అంటే లివర్ జబ్బు వల్ల మెదడు మందగించి వచ్చే అయోమయం, మగత. పేగుల్లో ప్రోటీన్ విరిగినప్పుడు అమ్మోనియా తయారవుతుంది. బాగున్న లివర్ దాన్ని యూరియాగా మార్చేస్తుంది. సిరోసిస్‌లో లివర్‌కి ఆ శక్తి తగ్గుతుంది, పైగా పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి కొంత రక్తం అడ్డదారుల్లో లివర్‌ని తప్పించుకుని పోతుంది. ఆ అమ్మోనియా మెదడుకి చేరుతుంది.

మొదట్లో వచ్చే గుర్తులు చాలా చిన్నవి. రాత్రి నిద్ర పట్టదు, పగలు తూగుతుంటారు. చిన్న విషయానికి కోపం తెచ్చుకుంటారు. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుంటారు. చేతులు ముందుకు చాపి, మణికట్టు పైకి వంచి ఉంచమంటే చేతులు పక్షి రెక్కల్లా కొట్టుకుంటాయి. ఇంట్లో చేయగలిగిన ఒక మంచి పని ఉంది. రోజూ ఒకే నోటుబుక్కులో ఆయన చేత పేరు, తేదీ, ఒక చిన్న వాక్యం రాయించండి. అక్షరాలు వంకర్లు పోవడం, గీత దాటిపోవడం, తేదీ తప్పడం చూస్తే మగత పూర్తిగా రాకముందే డాక్టర్‌కి ఫోన్ చేయొచ్చు. రోజూ చూసే మనిషిలో మార్పు కంటికి ఆనదు, కాగితం మీద మాత్రం దొరికిపోతుంది.

ఇది ఎందుకు ఎక్కువైందో కూడా వెతకాలి. మలబద్ధకం, ఇన్ఫెక్షన్, పేగుల్లో రక్తస్రావం, ఒంట్లో నీరు తగ్గడం, నిద్రమాత్రలు, వీటిలో ఏదో ఒకటి తరచుగా కారణమవుతుంది. ఇలాంటి స్థితిలో కారు, బండి నడపనివ్వకండి.

లాక్ట్యులోజ్ సిరప్ విరేచనాల మందు కదా. మోషన్ ఫ్రీగా అవుతుంటే ఆపేయొచ్చా?

ఆపొద్దు. సిరోసిస్ రోగులకి దాన్ని ఇచ్చేది మెదడు కోసం. లాక్ట్యులోజ్ చిన్నపేగులో అరగదు. పెద్దపేగుకి చేరాక బ్యాక్టీరియా దాన్ని ఆమ్లాలుగా మారుస్తుంది. ఆ పులుపులో అమ్మోనియా రక్తంలోకి ఇంకలేని రూపంలోకి మారి మలంతో బయటికి పోతుంది. రోజుకి 2 నుంచి 3 సార్లు మెత్తటి విరేచనం కావాలి, లక్ష్యం అదే. ఒకటే అయితే మోతాదు చాలడం లేదు. ఐదారుసార్లు నీళ్ళలా అవుతుంటే ఎక్కువైంది. అలా వదిలేస్తే ఒంట్లో నీరు, లవణాలు తగ్గి, ఆ కారణంతోనే మళ్ళీ మగత వస్తుంది. అందుకే ఒకే కొలత అందరికీ సరిపోదు, మోషన్ లెక్కని బట్టి మోతాదు సర్దుకోవాలి. ఎలా సర్దుకోవాలో డాక్టర్‌ని ముందే అడిగి రాసి పెట్టుకోండి.

తీపి, కడుపుబ్బరం, గ్యాస్, ప్రయాణంలో ఇబ్బంది, ఇవన్నీ నిజమైన కష్టాలే. వీటివల్లే చాలామంది చెప్పకుండా మానేస్తారు. మానేసే బదులు ఆ ఇబ్బందిని డాక్టర్‌కి చెప్పండి. నీళ్ళలోనో పండ్ల రసంలోనో కలిపి తాగొచ్చు, వేళలు మార్చుకోవచ్చు.

మళ్ళీ మళ్ళీ మగత వస్తుంటే రిఫాక్సిమిన్ 550 మిల్లీగ్రాముల మాత్ర రోజుకి రెండుసార్లు కలుపుతారు. ఇది దాదాపుగా రక్తంలోకి చేరకుండా పేగుల్లోనే పనిచేసే యాంటీబయాటిక్. 2010లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో, ఆరు నెలల్లో మళ్ళీ మగత వచ్చినవాళ్ళు ఈ మందు వాడినవారిలో 22 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 46 శాతం. రెండు గుంపుల్లోనూ ఎక్కువమంది లాక్ట్యులోజ్ కూడా వాడుతున్నారు. అంటే రిఫాక్సిమిన్ మొదలైందని సిరప్ మానకూడదు.

అమ్మోనియా ప్రోటీన్ నుంచి వస్తుందంటే, పప్పులూ గుడ్లూ మానేయాలా?

వద్దు! పాతకాలంలో ఈ సలహా ఇచ్చేవారు, ఇప్పటికీ బంధువుల నోట వినబడుతుంటుంది. దానివల్ల చాలా నష్టం జరిగింది. అమ్మోనియాని లివర్ తర్వాత బాగా శుభ్రం చేసేది కండరాలే. ప్రోటీన్ మానేస్తే కండ కరుగుతుంది, అమ్మోనియా ఇంకా పెరుగుతుంది. సిరోసిస్ రోగికి రోజుకి ప్రతి కిలో బరువుకీ 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. పప్పుధాన్యాల్లో పీచు కూడా ఉంటుంది కాబట్టి మోషన్‌కీ మేలు. పొట్టలో నీరు ఉంటే బరువు లెక్క మారుతుంది, డైటీషియన్ చేత లెక్క కట్టించండి.

ఇంకో మాట. సిరోసిస్ ఉన్నవాళ్ళ లివర్‌లో చక్కెర నిల్వలు తక్కువ. రాత్రి ఎనిమిదికి తిని మర్నాడు తొమ్మిది దాకా ఖాళీ కడుపుతో ఉంటే ఒళ్ళు కండని కరిగించుకుంటుంది. పడుకునే ముందు చిన్న చిరుతిండి పెట్టండి. ఖర్చులేని ఈ పనిని మందంత శ్రద్ధగా చేయాలి.

పొట్టలో నీరు ఉన్నవాళ్ళకి ఆ నీటిలో ఇన్ఫెక్షన్ ఎలా వస్తుంది? బయట గాయమేమీ లేదు కదా?

పేగుల నుంచే వస్తుంది. ఈ.కోలి, క్లెబ్సియెల్లా లాంటి బ్యాక్టీరియా వదులైన పేగు గోడ దాటి ఆ నీటిలో చేరుతుంది. భయపెట్టే విషయం ఏమిటంటే జ్వరం, కడుపునొప్పి ఉండకపోవచ్చు. కొత్తగా మగత రావడమో, మూత్రం తగ్గడమో మాత్రమే కనిపించవచ్చు. సూదితో కొంచెం నీరు తీసి పరీక్షిస్తే, క్యూబిక్ మిల్లీమీటరుకి న్యూట్రోఫిల్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలు 250 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఇన్ఫెక్షన్ అని నిర్ధారించి వెంటనే యాంటీబయాటిక్స్ మొదలుపెడతారు. నీరు తీయడమంటే చాలా కుటుంబాలకి భయం. అనుభవమున్న చేతుల్లో అది చిన్న పని, ఆలస్యమే ప్రమాదం.

గ్యాస్ మాత్రలు రోజూ వేసుకోవచ్చా?

అవసరం ఉంటే వేసుకోవాలి, అలవాటుగా వద్దు. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి. నోటి నుంచి వచ్చే బ్యాక్టీరియాని చంపేది ఆ ఆమ్లమే. సిరోసిస్ ఉన్నవాళ్ళు వీటిని ఎక్కువకాలం వాడితే ఇన్ఫెక్షన్లు, మగత ఎక్కువగా వస్తున్నాయని అనేక అధ్యయనాల్లో కనబడింది. ఎప్పుడో రాసిన మాత్ర ఏళ్ళ తరబడి నడుస్తుంటే "ఇది ఇంకా కావాలా?" అని అడగండి. అల్సర్ ఉన్నా, అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలకి రబ్బరు బ్యాండు వేసే బ్యాండింగ్ చేసిన కొత్తలో అయినా మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

సిరోసిస్‌లో ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు అసలే వద్దు. పేగుల్లో రక్తస్రావం, కిడ్నీ దెబ్బ రెండూ రావచ్చు.

ప్రోబయోటిక్స్ వాడమంటారా?

మగత తొలిదశలో కొంత మేలు ఉన్నట్టు కొన్ని ట్రయల్స్ చెబుతున్నాయి. ఫ్యాటీ లివర్‌లో ఎంజైముల అంకెలు కాస్త తగ్గినట్టు కొన్నిటిలో ఉంది. జబ్బు ముదరకుండా ఆపుతాయని, ఆయుష్షు పెంచుతాయని మాత్రం ఎవరూ చూపలేదు. ఒక్కో ట్రయల్‌లో ఒక్కో రకం బ్యాక్టీరియా వాడారు కాబట్టి ఒకదాని ఫలితాన్ని వేరే డబ్బాకి అంటగట్టడం సరికాదు. ఒంట్లో రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళు, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా వేసుకోకూడదు. ఆ డబ్బు కూరగాయలకీ పండ్లకీ పప్పుధాన్యాలకీ పెడితే పేగుల్లో ఉన్న మంచి బ్యాక్టీరియాకే తిండి దొరుకుతుంది. కాఫీ తాగే అలవాటున్నవాళ్ళకి ఒక మంచి మాట కూడా చెప్పాలి: కాఫీ తాగేవాళ్ళలో లివర్ మచ్చలు తక్కువగా ఉన్నట్టు చాలా అధ్యయనాల్లో తేలింది. చక్కెర తగ్గించి తాగండి.

'లివర్ డిటాక్స్', 'గట్ క్లీన్స్' పొడులు?

వద్దు. మూలికల పేరుతో వచ్చే వాటిలో లివర్‌ని దెబ్బతీసేవి ఉన్నాయి. గాఢమైన గ్రీన్ టీ సారం, గార్సీనియా, అశ్వగంధ, సారంగా తీసిన పసుపు మాత్రలు వాడి కామెర్లు వచ్చిన కేసులు వైద్యసాహిత్యంలో నమోదయ్యాయి. ఇప్పటికే వాడుతుంటే సీసా తీసుకెళ్ళి డాక్టర్‌కి చూపించండి, దాచొద్దు.

మలం ద్వారా మంచి బ్యాక్టీరియా ఎక్కిస్తారట, నిజమేనా?

నిజమే. ఆరోగ్యవంతుల మలాన్ని పరీక్షించి, శుద్ధిచేసి రోగి పేగుల్లోకి పంపుతారు. తీవ్రమైన ఆల్కహాలిక్ హెపటైటిస్‌లో, తగ్గని మగతలో దీన్ని పరిశోధిస్తున్నారు, భారత్‌లో కూడా. కొన్ని ఫలితాలు ఆశ కలిగిస్తున్నాయి. కానీ 2019లో అమెరికాలో ఒకే దాత నుంచి తీసుకున్న ఇద్దరికి మొండి ఈ.కోలి ఇన్ఫెక్షన్ వచ్చింది, ఒకరు చనిపోయారు. బతికిన రెండో మనిషి సిరోసిస్ రోగి. ఆ తర్వాత దాతల పరీక్షలు కఠినం చేశారు. ట్రయల్‌లో భాగంగా, అనుభవమున్న పెద్ద కేంద్రంలో అయితేనే ఆలోచించండి. ఇంట్లో చేసుకునే పని ఎంతమాత్రం కాదు.

పేగుల జబ్బు ఉంటే లివర్ పరీక్షలు చేయించుకోవాలా?

అవును. పెద్దపేగులో పుండ్ల జబ్బు, అంటే అల్సరేటివ్ కొలైటిస్ ఉన్న కొందరికి పైత్యనాళాలు గట్టిపడి మూసుకుపోయే పీఎస్‌సీ అనే జబ్బు వస్తుంది. పీఎస్‌సీ ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి పేగుల వాపు ఉంటుంది. వాళ్ళకి మోషన్ ఇబ్బంది లేకపోయినా కొలనోస్కోపీ చేయాలి, ఎందుకంటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు ఎక్కువ. గోధుమల్లో ఉండే గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బులో కూడా లివర్ ఎంజైములు పెరుగుతాయి. గ్లూటెన్ మానేస్తే చాలామందిలో అవి మామూలవుతాయి. కారణం తెలియకుండా ఎంజైములు ఎక్కువగా ఉంటే సీలియాక్ పరీక్ష కూడా అడగండి.

ఇంటికి కిట్ పంపి చేసే మైక్రోబయోమ్ (పేగుల్లోని సూక్ష్మజీవుల) పరీక్ష చేయించుకోవాలా?

అక్కర్లేదు. ఆ రిపోర్టు చూసి లివర్ చికిత్స మార్చే పరిస్థితి ఇంకా రాలేదు.

ఎప్పుడు ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి?

మలం తారులా నల్లగా, జిగటగా వస్తే, లేదా రక్తం వాంతి అయితే నిమిషం కూడా ఆగొద్దు. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్ళకి మలం నల్లబడొచ్చు, అయినా సిరోసిస్ ఉంటే అదేనని మీరే తీర్మానించుకోకండి. మనిషి పిలిస్తే పలకకపోయినా, రోజూ తెలిసిన పేర్లు మరిచిపోయినా, పొట్టలో నీరు ఉండి జ్వరమో కడుపునొప్పో వచ్చినా, మూత్రం బాగా తగ్గినా, కళ్ళు కొత్తగా పచ్చబడినా అదే రోజు వెళ్ళాలి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో సిరప్ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఆసుపత్రిలో లాక్ట్యులోజ్‌ని ఎనిమా ద్వారా గానీ, ముక్కు గొట్టం ద్వారా గానీ ఇస్తారు. వెళ్ళేటప్పుడు వాడుతున్న మందులన్నీ, గత మూడు నాలుగు రోజుల మోషన్ లెక్క, చేతిరాత నోటుబుక్కు వెంట తీసుకెళ్ళండి. ఎమర్జెన్సీలో కొత్త డాక్టర్‌కి రోగి మామూలుగా ఎలా ఉంటాడో తెలియదు, ఆ కాగితాలు చెబుతాయి.